రంగూన్ ఉత్తరాల కట్ట: స్టాంపులు ఊడదీయాలా, కవర్లు అలాగే ఉంచాలా?

ట్రంకుపెట్టె, బరంపురం

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

మా పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టాలని అన్నదమ్ములం అనుకున్నాం. అటక మీది సామాను దించుతుంటే ఒక రేకు ట్రంకు బయటపడింది. అందులో పట్టు మగ్గాల తాలూకు అప్పుల చిట్టాలు, తాటాకు జాతకాలు, వాటి అడుగున జనపనార పురితో కట్టిన ఉత్తరాల కట్ట ఉన్నాయి. మా తాతయ్య తమ్ముడు, అంటే మా చిన్నతాతయ్య, రంగూన్ వెళ్లి అక్కడి నుంచి రాసిన ఉత్తరాలవి. అన్నీ ఇంకా కవర్లలోనే ఉన్నాయి. స్టాంపుల మీద ఎక్కువగా ఐదో జార్జి బొమ్మ. కొన్నిటి మీద అదే బొమ్మకు అదనంగా ఇంగ్లీషులో ‘బర్మా’ అని నల్లగా అచ్చు వేసి ఉంది.

మా బావమరిదికి చిన్నప్పటి నుంచి స్టాంపుల పిచ్చి. “గోరువెచ్చని నీళ్లలో వేస్తే వాటంతట అవే ఊడివస్తాయి బావా, కవర్లు చిత్తుకాగితాల వాడికి వేసెయ్” అంటున్నాడు. స్టాంపులు అతనికి ఇవ్వడానికి నాకేమీ బాధ లేదు. కానీ కవర్లు పారేయడానికి చేయి రావడం లేదు. తెలిసినవారు చెప్పండి.

ఒక్కటీ వదలను, రాయగడ

మీ బావమరిది చెప్పిందే సరైనది. నా ఆల్బంలో దేశాలన్నీ అలా వచ్చి చేరినవే. స్టాంపు చుట్టూ అంగుళం కాగితం వదిలి కత్తిరించండి. నీళ్లలో బొమ్మ పైకి ఉండేలా వేయండి. లాగకండి, దానంతటది జారాలి. వెనక జిగురు పోయేదాకా కడిగి, అద్దుడు కాగితాల మధ్య పెట్టి పైన లావుపాటి పుస్తకం ఉంచండి. ఊదా, ఎరుపు సిరాలతో రాసిన కవర్లను వేరే పళ్లెంలో నానబెట్టాలి, లేకపోతే రంగు దిగి మిగతావాటికి అంటుకుంటుంది.

కవర్లు దాచడం మొదలుపెడితే ఇంట్లో మనుషులకు చోటుండదు. పైగా చెదలకు విందు.

పాత ముద్ర, పర్లాకిమిడి

ట్రంకుపెట్టె గారూ, ముందు ఆ నీళ్ల పళ్లెం పక్కన పెట్టించండి.

నేను బరంపురం కేంద్రంగా ఉన్న బీజీ డివిజన్ ఆర్.ఎమ్.ఎస్.లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, ఉత్తరాలు వేరుచేసే సార్టరుగా చేరి, పోస్టుమాస్టరుగా రిటైరైనవాణ్ణి. ఉద్యోగంలో ముద్ర కొట్టడమే పని, ఇప్పుడు ఆ ముద్రలు వెతుక్కోవడమే పని. ఐదో జార్జి స్టాంపులు కోట్ల సంఖ్యలో అచ్చయ్యాయి. సంతలో గుప్పెళ్లతో దొరుకుతాయి. మీ చిన్నతాతయ్య చేతిరాతతో, ఫలానా రోజు ఫలానా పోస్టాఫీసులో ముద్ర పడి, ఫలానా రోజు బరంపురంలో దిగిన కవరు మాత్రం లోకంలో ఒక్కటే. స్టాంపు ఊడదీస్తే ఆ ముద్రలో సగం స్టాంపుతో పోతుంది, సగం కవరు మీద మిగులుతుంది. రెండు ముక్కలూ దేనికీ పనికిరావు.

అసలు ముద్ర స్టాంపుకంటే పాతది. లండన్‌లో పోస్టుమాస్టర్ జనరల్‌గా ఉన్న హెన్రీ బిషప్ 1661లో ఉత్తరాల మీద తేదీ ముద్ర వేయించడం మొదలుపెట్టాడు. బట్వాడా చేసేవాళ్లు ఉత్తరాలు తొక్కిపెట్టి ఆలస్యం చేస్తున్నారని జనం గోలపెడితే, ఏ రోజు చేతికందిందో తేలాలని ఆ ఏర్పాటు. తొలి స్టాంపు పెన్నీ బ్లాక్ 1840లో గాని రాలేదు. అంటే సుమారు నూట ఎనభై ఏళ్లపాటు స్టాంపు లేకుండానే ముద్ర బతికింది. మా శాఖను ఆలస్యానికి తిట్టే అలవాటు అంత పాతదన్నమాట!

మీ కవర్లు తిరగేసి వెనక వైపు చూడండి. అక్కడ ఏమేమి ముద్రలున్నాయో రాయండి. అసలు కథ వెనకే ఉంటుంది.

రుషికుల్య, ఛత్రపురం

పాత ముద్ర గారి మాటకు నా మాట కలుపుతున్నాను. మీ కట్టలో 1936, 1937 సంవత్సరాల కవర్లు ఉంటే వాటిని విడిగా తీసి పెట్టండి.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. అంతవరకు బరంపురం, ఛత్రపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోది. చికాకోలు, అంటే నేటి శ్రీకాకుళం కూడా ఆ జిల్లాలోనే ఉండేది. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 1937 ఏప్రిల్ 1న, బర్మా ఇండియా నుంచి విడిపోయింది. అంతకుముందు రంగూన్‌లో మామూలు ఇండియా స్టాంపులే వాడేవారు. విడిపోయిన రోజు నుంచి అవే స్టాంపుల మీద ‘బర్మా’ అని అచ్చు వేసి అమ్మారు. 1938లో ఆరో జార్జి బొమ్మతో బర్మాకు సొంత స్టాంపులు వచ్చాయి.

అంటే ఆ ఏడాది వ్యవధిలో ఉత్తరం అందుకునే ఊరి రాష్ట్రం మారింది, ఉత్తరం రాసే ఊరి దేశం మారింది. మనిషి, ఇల్లు, చేతిరాత మాత్రం మారలేదు. చిరునామాలో మీ చిన్నతాతయ్య ఏమని రాశారో చూడాలని నాకు కుతూహలంగా ఉంది.

ట్రంకుపెట్టె, బరంపురం

రుషికుల్య గారూ, మీరు చెప్పాక కట్ట విప్పి వరసగా పేర్చాను. ఒక కవరు గురించి రాస్తాను.

గోధుమరంగుకు తిరిగిన పొడుగాటి కవరు. కుడివైపు పైన ‘బర్మా’ అచ్చుతో ఐదో జార్జి. దాని మీద గుండ్రటి రంగూన్ ముద్ర, మధ్యలో 1937 అక్టోబరు తేదీ. చిరునామా ఇంగ్లీషులో: మా తాతయ్య పేరు, వీధి, బరంపురం, గంజాం జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ. ఒరిస్సా వచ్చి ఏడాదిన్నర దాటినా ఆయన మద్రాసే రాస్తున్నారు! ఆ మాటను ఎవరో ఎర్ర పెన్సిలుతో కొట్టేసి పక్కన ఒరిస్సా అని రాశారు. వెనక అతుకు మీద బరంపురం ముద్ర ఉంది. రెండు తేదీల మధ్య వారం తేడా. అతుకు దగ్గర కొంచెం లక్క మరక.

తర్వాతి ఏడాది కవర్ల మీద కూడా మద్రాసే ఉంది. ఎర్ర పెన్సిలు గీత మాత్రం మళ్లీ కనిపించలేదు. బహుశా గుమాస్తా విసిగిపోయి ఉంటాడు.

పాత ముద్ర, పర్లాకిమిడి

ఆ ఎర్ర పెన్సిలు మా వాళ్లదే. సార్టింగులో ఎవరో ఓపికమంతుడు. ఇప్పుడు చెప్పండి, స్టాంపు ఊడదీస్తే ఆ పెన్సిలు గీత ఎక్కడికి పోయేది? చిత్తుకాగితాల బస్తాలోకి.

ఇంకో మాట. ‘బరంపురం’ అన్న ముద్ర కనబడగానే మనదే అనుకోకండి. బెంగాల్‌లోని ముర్షిదాబాద్ జిల్లాలో ఇంకో బరంపురం ఉంది. ఇంగ్లీషు వర్ణక్రమం చూసి తేల్చడానికీ లేదు, పాతరోజుల్లో రెండింటినీ ఎలా పడితే అలా రాసేవారు. ముద్రలో కింద జిల్లా పేరు గంజాం అని ఉందేమో చూడాలి. 1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చాక ఈ తలనొప్పి తగ్గింది. మనది 760001, వాళ్లది 742101.

మంజీర, దెగ్లూర్

మా మరాఠ్వాడా వైపు కథ మీ గంజాం కథకంటే చిక్కుది. నాందేడ్, ధర్మాబాద్, దెగ్లూర్ అన్నీ నిజాం రాజ్యంలోవి. నిజాంకు సొంత తపాలా, సొంత స్టాంపులు. మొదటి స్టాంపు 1869లో వచ్చింది. 1871 నుంచి వచ్చిన వరసలో ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీలతో పాటు తెలుగు అక్షరాలు కూడా ఉంటాయి. నూటయాభై ఏళ్ల కిందటి స్టాంపు మీద తెలుగులో ధర చదువుకోవడం అనే ముచ్చట తీరాలంటే మా వైపు రావాల్సిందే.

కానీ నిజాం స్టాంపు నిజాం ఏలుబడిలోనే చెల్లేది. నాందేడ్ నుంచి వరంగల్‌కు రాస్తే నిజాం స్టాంపు, నాందేడ్ నుంచి బొంబాయికో బెజవాడకో రాస్తే బ్రిటిష్ ఇండియా స్టాంపు. అందుకే మా పాత ఇళ్లలో ఒకే చేతిరాతతో రెండు ప్రభుత్వాల కవర్లు దొరుకుతాయి. 1950లో నిజాం తపాలా భారత తపాలాలో కలిసిపోయాక ఆ ముచ్చట ముగిసింది.

1937లో ఏడో నిజాం రజతోత్సవానికి వేసిన నాలుగు స్టాంపులు నాకు ప్రాణం. వాటిలో ఉస్మానియా ఆసుపత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంటాయి. రాజుగారి బొమ్మ వేయకుండా ఆసుపత్రి బొమ్మ వేసిన ఉత్సవం అదొక్కటేనేమో అనిపిస్తుంది. విడి స్టాంపులుగా ఇవి తేలిగ్గానే దొరుకుతాయి. ఏ తాలూకా పోస్టాఫీసు ముద్రతోనో, కవరు మీద ఉన్నవి చూపించమంటే వ్యాపారులు ముఖం తిప్పుకుంటారు.

ఒక్కటీ వదలను, రాయగడ

అందరూ కలిసి నన్ను కసాయివాణ్ణి చేస్తున్నారు. స్టాంపు సేకరణ అంటే స్టాంపు సేకరణే. చేతిరాతలు, పెన్సిలు గీతలు, లక్క మరకలు దాచుకోవాలంటే దానికి రికార్డు గదులున్నాయి. ఆల్బంలో బర్మా పేజీ తిప్పితే రంగులన్నీ వరసగా, ధరల ప్రకారం కనిపించాలి. ఆ అందం మీ గోధుమరంగు కవర్లలో ఎక్కడిది?

గోదావరి ఒడ్డు, సిరొంచ

వదలను గారి ఆల్బం అందంగా ఉంటుంది, కాదనను. కానీ అలాంటి ఆల్బం ఎవరైనా డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. మా ఇంటి కవర్ల కట్ట కొనుక్కుంటే దొరకదు.

మా సిరొంచ సంగతి వినండి. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేది ఇక్కడే, ఎదురుగా కాళేశ్వరం. ఊరు కదలలేదు, చిరునామా మాత్రం తిరుగుతూనే ఉంది. 1860ల్లో అప్పర్ గోదావరి జిల్లా అని మాదే ఒక జిల్లా, సిరొంచ దాని కేంద్రం. 1874లో దాన్ని రద్దు చేసి చాందా జిల్లాలో కలిపారు. అప్పుడు మేం సెంట్రల్ ప్రావిన్సెస్. స్వాతంత్ర్యం వచ్చాక మధ్యప్రదేశ్. 1956 నవంబరులో బొంబాయి రాష్ట్రం. 1960 మే 1 నుంచి మహారాష్ట్ర. 1982లో జిల్లా మళ్లీ మారి గడ్చిరోలి అయింది. మా అమ్మ తరపు వాళ్లు మంథని వైపు నుంచి రాసిన కార్డులు వరసగా పెడితే, నది దాటి పడవలో వచ్చే ఉత్తరానికి ఇన్ని రాష్ట్రాల పేర్లా అని నవ్వొస్తుంది.

ఒక కడుపుమంట కూడా చెప్పుకోవాలి. ఈమధ్య ఒక మిత్రుడు నాకు ఎంతో ముచ్చటపడి నాలుగు రకాల కొత్త స్టాంపులు అంటించి కవరు పంపాడు. దారిలో ఏదో ఒక ఆఫీసులో ఒక మహానుభావుడు ముద్ర కొట్టకుండా బాల్‌పెన్నుతో నాలుగింటి మీదా అడ్డంగా గీశాడు. స్టాంపు చిరిగేంత గట్టిగా! ముద్ర లేదు, తేదీ లేదు, ఊరు లేదు. పాత ముద్ర గారూ, మీ శాఖలో ఇనుప ముద్రలు అయిపోయాయా?

పాత ముద్ర, పర్లాకిమిడి

అయిపోలేదు, ఎత్తి కొట్టే ఓపిక అయిపోయింది.

మా రోజుల్లో ఉదయం ఆఫీసు తెరవగానే మొదటి పని ముద్రలో తేదీ అచ్చులు మార్చడం. చిన్న చిన్న లోహపు అంకెలు, పటకారుతో తీసి పెట్టాలి. మార్చాక ఉత్తరం మీద కొట్టేముందు ఒక పుస్తకంలో కొట్టి చూసుకోవాలి. తేదీ తలకిందులైందా, నెల సరిగ్గా ఉందా అని సరిచూసుకుని పక్కన సంతకం పెట్టాలి. దాని కోసమే ప్రత్యేకంగా పుస్తకం ఉండేది. సిరా మెత్త ఆరిపోతే ముద్ర దెయ్యంలా పడుతుంది, ఎక్కువైతే మసిబొగ్గు అవుతుంది. రబ్బరు పలక మీద కవరు పెట్టి, ముద్రను నిలువుగా పట్టి ఒక్క దెబ్బ వేయాలి. అలా పడ్డ ముద్రలో ఊరి పేరు, తేదీ, వేళ అన్నీ చదవవచ్చు.

మంచి ముద్ర కావాలంటే కవరు పెట్టెలో వేయకండి. కౌంటరు దగ్గరికి తీసుకెళ్లి, ‘నేను సేకరణ కోసం దాచుకుంటాను, దయచేసి మీ చేత్తోనే స్పష్టంగా వేయండి’ అని అడగండి. ఎక్కువమంది సంతోషంగా వేస్తారు. తమ పనిని ఎవరో అందంగా ఉండాలని కోరుకోవడం వాళ్లకు కొత్త. సంచి కట్టే వేళకు వెళ్లి అడిగితే మాత్రం నేనైనా విసుక్కునేవాణ్ణి.

ఇంకో బాధ. 2025లో రిజిస్టరు పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. ‘ఆర్’ అక్షరం, పక్కన నంబరు, కింద ఊరి పేరు ఉన్న ఆ చీటీ ఉన్న పాత రిజిస్టరు కవర్లు మీ ఇళ్లలో ఉంటే జాగ్రత్త చేయండి. కోర్టు నోటీసు కవరైనా సరే!

జయపురం టీచర్, జయపురం

నమస్తే. కొరాపుట్ జిల్లాలో మా బడిలో ఒక చిన్న స్టాంపుల సంఘం నడుపుతున్నాను. పిల్లల్లో తెలుగు, ఒడియా, దేశియా మాట్లాడేవాళ్లు అందరూ ఉన్నారు. మీ రంగూన్ కవరు సంగతి తరగతిలో చెప్పాను. ‘సార్, మాకూ విదేశీ ముద్రలు కావాలి’ అని పట్టుకున్నారు. ఎవరింట్లోనూ రంగూన్ తాతయ్య లేడు, అమెరికా మామయ్య లేడు. డబ్బు పెట్టి కొనడం నాకు ఇష్టం లేదు. దారి చూపండి.

నావికుడు, గోపాలపూర్

టీచర్ గారూ, నేను సరుకు ఓడల మీద పనిచేస్తాను. ప్రస్తుతం సెలవులో ఇంటి దగ్గర ఉన్నాను. ఓడ మనుషులకు మాత్రమే దొరికే ముద్ర ఒకటుంది, దాన్ని ‘పాక్‌బో’ అంటారు. నడిసముద్రంలో రాసిన ఉత్తరానికి ఓడ ఏ దేశపు జెండా ఎగరేస్తుందో ఆ దేశపు స్టాంపు అంటించవచ్చు. తర్వాతి రేవులో దించితే, అక్కడి పోస్టాఫీసు పరాయి దేశపు స్టాంపును ఒప్పుకుని ‘పాక్‌బో’ అన్న మాటతో ముద్ర వేస్తుంది. ప్రపంచ తపాలా సంఘం నిబంధన అది. పనామా స్టాంపు మీద సింగపూర్ ముద్ర చూస్తే మతిపోతుంది కదా, దాని రహస్యం ఇదే. అన్ని రేవుల్లోనూ ఇప్పుడు ఈ పద్ధతి తెలిసినవాళ్లు ఉండరు, కౌంటరు దగ్గర వాదించాలి.

బడి చిరునామా నాకు విడిగా పంపండి. మళ్లీ ఓడెక్కాక ప్రతి రేవు నుంచీ పిల్లల పేరున కవరు పంపుతాను.

సింగపూర్ అంటే గుర్తొచ్చింది. సింగపూర్‌లో 1867 వరకు ఇండియా స్టాంపులే వాడేవారు. ఎనిమిది మూలల చట్రంలో ‘బి 172’ అన్న ముద్ర ఉన్న విక్టోరియా స్టాంపు కనిపిస్తే అది కలకత్తాది అనుకుని వదిలేయకండి. అది సింగపూర్‌ది.

మంజీర, దెగ్లూర్

ఆ లెక్కన గల్ఫ్ కూడా అంతే. కువైట్‌లో 1923 నుంచి, బహ్రెయిన్‌లో 1933 నుంచి ఇండియా స్టాంపుల మీదే ఆ దేశాల పేర్లు అచ్చు వేసి వాడారు. ఏడెన్‌లో 1937 దాకా అచ్చు కూడా లేకుండా మన స్టాంపే. మా దెగ్లూర్, బోధన్ వైపు వాళ్లు గల్ఫ్ నుంచి పంపిన ఎర్ర నీలం అంచుల కవర్లు ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉన్నాయి. టీచర్ గారు అమెరికా మామయ్య లేడన్నారు, దుబాయ్ బాబాయిలు ఉన్నారేమో అడిగి చూడండి. ఎవరూ వాటిని విలువైనవి అనుకోరు. అందుకే అడిగితే ఇచ్చేస్తారు.

రుషికుల్య, ఛత్రపురం

టీచర్ గారూ, మూడు మాటలు. పోస్ట్‌క్రాసింగ్ అని 2005లో పోర్చుగల్‌లో మొదలైన కార్డుల మార్పిడి ఉంది. మీరు ఎవరికో ముక్కూమొహం తెలియని మనిషికి కార్డు రాస్తే, ఇంకెక్కడినుంచో ఇంకెవరో మీకు రాస్తారు. పిల్లల ఇంటి చిరునామాలు ఇవ్వకండి, బడి పేరు మీద మీరే ఒక ఖాతా తెరవండి. విదేశీ కార్డుకు తపాలా ఖర్చు ఉంటుంది కాబట్టి నెలకు ఎన్ని పంపగలరో ముందే లెక్క వేసుకోండి.

రెండోది, మన తపాలా శాఖలో ఫిలాటెలీ, అంటే స్టాంపుల సేకరణ, డిపాజిట్ ఖాతా. 200 రూపాయలతో తెరిస్తే కొత్త స్టాంపులు, స్టాంపు విడుదలైన రోజు ముద్రతో ఉండే మొదటిరోజు కవర్లు ఇంటికే వస్తాయి. ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు స్టాంపుల సేకరణ మీదే దీన్ దయాళ్ స్పర్శ్ అని ఉపకారవేతనం కూడా 2017 నుంచి ఇస్తున్నారు, ఏడాదికి 6,000 రూపాయలు. చదువులో మార్కులతో పాటు ఫిలాటెలీ పరీక్ష, ప్రాజెక్టు ఉంటాయి. మీ పిల్లలు తప్పక రాయాలి.

మూడోది, విదేశాలకు ఎగబడే ముందు మన ముద్రలు. పూరీ, కోణార్క్ లాంటి చోట్ల బొమ్మతో ఉన్న శాశ్వత ముద్రలున్నాయి. చదువు యాత్రకు తీసుకెళ్తే పిల్లలు తమకు తామే కార్డు రాసుకుని ఆ ముద్ర వేయించుకోవచ్చు. హిమాచల్‌లో హిక్కిం అనే ఊళ్లో 14,500 అడుగుల పైచిలుకు ఎత్తున 1983 నుంచి పోస్టాఫీసు నడుస్తోంది. అంటార్కిటికాలో మన దక్షిణ గంగోత్రి స్థావరంలో 1984లో తపాలా మొదలైంది. వనువాటు అనే ద్వీపదేశం 2003లో సముద్రం అడుగున పోస్టాఫీసు పెట్టింది. అక్కడ సిరా పనిచేయదు కాబట్టి నీటికి తడవని కార్డు మీద ఒత్తుడు ముద్ర వేస్తారు. ఈ మూడూ చెబితే ఆ రోజు పాఠం జరగదని హామీ ఇస్తాను.

ట్రంకుపెట్టె, బరంపురం

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఒక చిక్కు వచ్చింది. కట్టలో 1939, 1940 నాటి కొన్ని కవర్ల మీద రంగూన్ ముద్ర లేదు. వేరే ముద్ర సగం చెరిగి ఉంది. భూతద్దం పెట్టి చూస్తే ఇంగ్లీషులో మధ్య అక్షరాలు ‘... రియా ...’ అన్నట్టు కనిపిస్తున్నాయి. మా బావమరిది ‘సిరియా’ అని తేల్చేశాడు. చిన్నతాతయ్య యుద్ధంలో సిరియా వెళ్లాడని ఇల్లంతా చాటింపు వేశాడు. మా అత్తయ్యలు అప్పుడే నమ్మేశారు కూడా. స్టాంపు మాత్రం బర్మాది.

నావికుడు, గోపాలపూర్

సిరియా కాదండీ, ‘సిరియం’. చివరి అక్షరం చెరిగి ఉంటుంది. రంగూన్‌కు నది అవతల ఉన్న ఊరు, ఇప్పుడు దాన్ని తన్‌లిన్ అంటున్నారు. బర్మా ఆయిల్ కంపెనీ నూనె శుద్ధి కర్మాగారం అక్కడే ఉండేది. అందులో పనిచేసినవాళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది. మా గోపాలపూర్ రేవు నుంచి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ ఓడలెక్కి వెళ్లినవాళ్లే వాళ్లు.

రుషికుల్య, ఛత్రపురం

బాగా పట్టారు నావికుడు గారూ. ఒక హెచ్చరిక మాత్రం: ముద్ర చెప్పేది ఉత్తరం ఎక్కడ పోస్టయిందో అంతవరకే. ఆయన కర్మాగారంలోనే పనిచేశారని దాన్నిబట్టి అనుకోకూడదు. లోపలి ఉత్తరం చదివి చూడండి. కవరును, ఉత్తరాన్ని విడదీయకూడదని అనేది అందుకే.

ట్రంకుపెట్టె, బరంపురం

చదివాను. ‘నూనె కంపెనీలో జీతం పది రోజులు ఆలస్యమైనది, అందుచేత ఈ నెల మనియార్డరు తగ్గించితిని’ అని ఉంది. ఇంట్లో మాకు తెలిసింది మాత్రం ఆయన బియ్యం మిల్లులో గుమాస్తా అని. మా నాన్నగారికి ఫోను చేసి చెబితే కాసేపు నమ్మలేదు. తర్వాత, ‘అందుకేనా ఆయన చొక్కాలన్నీ కిరసనాయిలు వాసన అని మా నాయనమ్మ అనేది’ అన్నారు.

కట్టలో చివరిది 1941 నవంబరు కవరు. దాని పక్క అంచు కత్తిరించి, మళ్లీ కాగితం చీటీ అతికించి ఉంది. తర్వాత ఉత్తరాలు లేవు.

పాత ముద్ర, పర్లాకిమిడి

ఆ చీటీ సెన్సారుది. యుద్ధకాలంలో విప్పి చదివి, మళ్లీ అతికించి పంపేవారు. దాన్ని పీకకండి, కట్టలో అన్నిటికంటే విలువైనది అదే కావచ్చు.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న నగరం వాళ్ల చేతికి పోయింది. తర్వాత ఉత్తరాలు లేకపోవడంలో వింత లేదు. జపాన్ వాళ్ల కాలంలో పాత బర్మా స్టాంపుల మీద నెమలి బొమ్మ అచ్చు వేసి వాడారు. 1945లో బ్రిటిష్ వాళ్లు తిరిగి వచ్చాక సైనిక పాలన అని ఇంకో అచ్చు వేశారు. 1942లో బర్మా నుంచి కాలినడకన తిరిగి వచ్చినవాళ్లలో మీ చిన్నతాతయ్య ఉన్నారా?

ట్రంకుపెట్టె, బరంపురం

ఉన్నారు. వచ్చాక మళ్లీ వెళ్లలేదు.

గోదావరి ఒడ్డు, సిరొంచ

ఇక భద్రపరచడం గురించి చెప్పండి ఎవరైనా. మీ తీరంలో తేమ, మా దగ్గర చెదలు.

రుషికుల్య, ఛత్రపురం

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మా ఇంటి పైకప్పు రేకులు లేచిపోయి అలమర తడిసింది. అప్పటి అనుభవంతో చెబుతున్నాను.

తడిసిన కవర్లను ఎండలో వేయకూడదు, వంకర్లు తిరిగి సిరా వెలిసిపోతుంది. ఒకదానికొకటి అంటుకున్నవాటిని లాగకూడదు. అద్దుడు కాగితాల మధ్య ఒక్కో కవరు పెట్టి, ఫ్యాను గాలికి నీడలో ఆరనిచ్చి, గంటగంటకూ కాగితాలు మార్చాలి. సగం ఆరాక మాత్రమే పైన బరువు పెట్టాలి.

మామూలు రోజుల్లో అయితే లామినేషన్ చేయించడం, సెల్లోటేపు అంటించడం, వీధి దుకాణాల్లో దొరికే మెత్తటి వాసనొచ్చే ప్లాస్టిక్ తొడుగులు వాడటం, ఈ మూడూ కాగితాన్ని చంపేస్తాయి. ఆమ్లం లేని కాగితపు కవర్లలో పెట్టి, అట్టపెట్టెలో నిలువుగా పేర్చండి. ఆ జనపనార పురి తీసేయండి, అంచులు కోస్తుంది. రబ్బరు బ్యాండు ఇంకా ప్రమాదం, కరిగి అంటుకుంటుంది. పెట్టెలో తేమ పీల్చే సిలికా పొట్లాలు వేసి, రంగు మారినప్పుడల్లా మార్చండి. నెలకోసారి మూత తెరిచి గాలి తగలనిస్తే కాగితం తినే వెండిరంగు పురుగులు స్థిరపడవు. గోడకు ఆనించకుండా, నేలకు ఎత్తుగా ఉంచండి. పెన్సిలుతో వరస సంఖ్య వేయాలనుకుంటే తొడుగు మీద వేయండి, కవరు మీద కాదు.

అన్నిటికంటే ముందు రెండు వైపులా ఫొటోలు తీసి పెట్టుకోండి. తుఫాను ఫొటోలను తడపలేదు.

మంజీర, దెగ్లూర్

ధర ఎంత వస్తుందని ఎవరూ అడగలేదు గానీ, మనసులో ఉంటుంది కాబట్టి చెబుతున్నాను. మామూలు రంగూన్ కవర్లకు పెద్ద ధర రాదు. చిన్న పోస్టాఫీసు ముద్ర, సెన్సారు చీటీ, దారి తప్పి తిరిగొచ్చిన గుర్తులు ఉంటే అడిగేవాళ్లుంటారు. ఒకే కుటుంబపు కట్ట విడగొట్టకుండా ఉంటే ఇంకా మంచిది. ఇంటర్నెట్‌లో 1852 నాటి ‘సింధ్ డాక్’ వంద రూపాయలకు ఇస్తామనే వాళ్లను మాత్రం నమ్మకండి. ఆసియాలోనే తొలి స్టాంపు అది. వంద రూపాయలకు వచ్చేది దాని నకలు, అది కూడా వాళ్లకు లాభసాటిగా.

జయపురం టీచర్, జయపురం

ట్రంకుపెట్టె గారూ, అమ్మడం మాట అటుంచండి. ఆ ఎర్ర పెన్సిలు కవరు ఫొటో మా పిల్లలకు పంపగలరా? చుట్టూ అట్టముక్కల మీద మ్యాపులు గీసి, గోపాలపూర్, రంగూన్, సిరియం గుర్తించి, పక్కన 1936, 1937 తేదీలు రాయించాలని ఉంది.

ట్రంకుపెట్టె, బరంపురం

తప్పకుండా. రెండు వైపులా ఫొటోలు తీసి ఈ ఆదివారం పంపుతాను. బావమరిదికి కూడా నచ్చజెప్పాను. అలిగాడు గానీ, ‘సిరియా’ సంగతి బయటపడ్డాక గొంతు తగ్గింది.

ఒక్కటీ వదలను, రాయగడ

సరే, ఒప్పుకోను గానీ ఒకటి అడుగుతాను. 1938 తర్వాతి ఆరో జార్జి బర్మా కవర్లలో ఒకేలాంటివి రెండు ఉంటే ఒకటి నాకు ఇస్తారా? స్టాంపు ఊడదీయనని మాట ఇస్తున్నాను. బదులుగా మీ బావమరిదికి బర్మా అచ్చు విడి స్టాంపులు నా దగ్గర జోడీలుగా ఉన్నవి పంపుతాను. అతని ఆల్బం నిండుతుంది, మీ ఇంట్లో గొడవ తీరుతుంది.

ట్రంకుపెట్టె, బరంపురం

రుషికుల్య గారూ, మంజీర గారూ, కట్ట విడగొట్టవద్దని మీరే అన్నారు. ఏం చేయమంటారు?

మంజీర, దెగ్లూర్

ఇవ్వకండి. కానీ వదలను గారూ, బాధపడకండి. నా దగ్గర రంగూన్ నుంచి నాందేడ్‌కు వచ్చిన కవరు ఒకటి ఉంది. ఎక్కడో వేలంలో పాత పుస్తకాల మధ్య దొరికింది, మా కుటుంబానిది కాదు. మీ దగ్గర రాయగడ పాత సబ్ పోస్టాఫీసు ముద్రలున్న కవర్లు ఉంటే మార్చుకుందాం. స్టాంపు మీద కత్తెర పడనివి మాత్రమే.

ఒక్కటీ వదలను, రాయగడ

కత్తెర పడనివి... వెతకాలి. మా పెద్దక్క ఇంట్లో పెళ్లి శుభలేఖల కవర్లు ఉండాలి. రేపు బస్సెక్కుతాను.